ఇద్దరు మహాదేవులు, ఒకే ఇల్లు

అనంతపురం నుంచి బళ్ళారి వైపు వెళ్ళే దారిలో ఉరవకొండ వస్తుంది. 1882లో అనంతపురం విడిగా ఏర్పడేదాకా ఈ ప్రాంతం బళ్ళారి జిల్లాలోనిదే. ఇక్కడి గవిమఠం వీరశైవులది. తెలుగూ కన్నడమూ కలిసి వినిపించే ఇలాంటి చోట ఇద్దరు మహాదేవుల కథల్ని పక్కపక్కన పెట్టి చదువుకోవాలనిపిస్తుంది. ఒకరు పాల్కురికి సోమనాథుడి బసవపురాణంలోని బెజ్జమహాదేవి. మరొకరు పన్నెండో శతాబ్దపు కన్నడ వచనకారిణి అక్కమహాదేవి. ఇద్దరి మనసూ శివుడి మీదే. కానీ ఒకరు శివుణ్ణి ప్రేమించారు, మరొకరు శివుడితో ప్రేమలో ఉన్నారు. ఈ రెండూ ఒకటి కావు.

శివుడికి భార్యాబిడ్డలున్నారు గానీ తల్లి లేదే అన్నది బెజ్జమహాదేవి దిగులు. తల్లి ఉంటే విషం తాగనిస్తుందా? వల్లకాట్లో తిరగనిస్తుందా? అందుకని తనే తల్లయింది. లింగాన్ని ఒళ్ళో వేసుకుని నూనె రాసి నీళ్ళు పోసింది, పాలిచ్చింది, జోకొట్టింది. శివుడు జబ్బుచేసిన పసివాడిలా పాలు మానేస్తే ప్రాణం తీసుకోబోయింది. ఆమె ఆలోచన అంతా అతనికేం కావాలన్నదే. తనకేం కావాలో ఆమె అడగదు.

అక్కమహాదేవి దారి వేరు. చెన్నమల్లికార్జునుడే తన భర్త అనుకుంది. కౌశికుడనే రాజును కాదని, బట్టలు కూడా వదిలి, జుట్టే కప్పుకుని కల్యాణానికి నడిచింది. అక్కడ అల్లమప్రభువు ప్రశ్నలకు నిలబడి జవాబులిచ్చి, శ్రీశైలం అడవుల్లోకి వెళ్ళిపోయింది. శివుడికేం తక్కువైందన్న బెంగ ఆమెకు లేదు. అతణ్ణి చేరకుండా తనకేది అడ్డమో దాన్ని తీసిపారేయడమే ఆమె పని.

వీళ్ళిద్దరినీ సంప్రదాయం ఒకేలా చూడలేదు. తల్లి కథలో సర్దవలసిందేమీ కనపడలేదు. ప్రియురాలి కథనే సర్దవలసి వచ్చింది. హరిహరుడి రగళెలో అక్కకు కౌశికుడితో పెళ్ళయింది. పదిహేనో శతాబ్దంలో చామరసు ప్రభులింగలీలె రాసేనాటికి ఆ పెళ్ళి జరగనేలేదు. మొగుణ్ణి వదిలేసి వచ్చిన ఆడదానికంటే కన్యగా వచ్చిన భక్తురాలు అందరికీ సౌకర్యం. తనను మల్లికార్జునుడి భార్యనని చెప్పుకున్న స్త్రీని లోకమంతా 'అక్కా' అని పిలవడంలో కూడా గౌరవంతో పాటు కొంత భయం ఉందేమో. అయినా అక్క వచనాలు మిగిలాయి. బెజ్జమహాదేవి మాత్రం మనకు ఒక మగకవి మాటల్లోనే తెలుసు. ప్రేమించే స్త్రీ తరఫున ఎవరో ఒకరు మాట్లాడుతూనే ఉంటారు.

బెజ్జమహాదేవిది చిన్న ప్రేమ అని నేననను. ఆ బిడ్డను ఆమె ఒళ్ళో ఎవరూ పెట్టలేదు, తనే ఎంచుకుంది. ఆమె ఎంచుకున్నదాన్ని మనకు విధిగా మార్చారు. వానలు లేక వేరుశనగ ఎండిన ఏడు మగవాళ్ళు బెంగుళూరుకు పనికి పోతే ఈ కరువు సీమలో ముసలివాళ్ళనూ పిల్లలనూ పశువులనూ చూసుకునే ఆడవాళ్ళు చేస్తున్నది ప్రేమించడమే. దానికి కూలీ లేదు, లెక్కా లేదు.

చిక్కు ఇంకోచోట ఉంది. అదే ఇంట్లో కూతురు ఎవరి మీదో మనసు పడుతుంది. అబ్బాయిది వేరే కులం. చదువు మాన్పించి, ఫోన్ లాక్కుని, గది తలుపు వేసేది చాలాసార్లు తల్లే. ఆమె ప్రేమించకపోలేదు. ప్రేమిస్తోంది కాబట్టే, బెజ్జమహాదేవి అడిగిన ప్రశ్నే అడుగుతుంది: తల్లి ఉంటే అలా తిరగనిస్తుందా?

ఆ ప్రశ్నలో ఎంత వాత్సల్యం ఉందో అంత కాపలా ఉంది. శివుడి విషయంలో అది కథ. మగవాడు, దేవుడు కాబట్టి ఎవరేమన్నా అతని తిరుగుడు ఆగలేదు. కూతురి విషయంలో అదే ప్రశ్న గొళ్ళెం అవుతుంది.

ప్రేమించడం అవతలివాళ్ళను కాపాడాలనుకుంటుంది. ప్రేమలో ఉన్న మనిషి కాపుదల దాటి నడుస్తుంది. రెండూ స్త్రీలకు కావాలి. మొదటిదాన్ని చూపి రెండోదాన్ని ఆపినన్నాళ్ళూ మన ఇళ్ళల్లో ఒక మహాదేవి తలుపుకు ఇవతల, ఇంకో మహాదేవి అవతల ఉంటారు. తలుపు తీయవలసిన చెయ్యి ఇవతలి మహాదేవిదే. ఆమె మీదా ఎవరో తలుపు వేసి ఉంచారన్నది కూడా మనం మరచిపోకూడదు.