ఇరవయ్యో మనిషి

విజయవాడ ఆటోనగర్‌లోనో, హైదరాబాద్ జీడిమెట్లలోనో ఒక లేత్ వర్క్‌షాపు ఉందనుకుందాం. పందొమ్మిది మంది పనివాళ్లు, తలకు నెలకు 15,000 రూపాయల జీతం. ఆర్డర్లు పెరిగాయి, ఇంకో మనిషి కావాలి. ఆ ఇరవయ్యో మనిషి చేరిన రోజున షాపు పీఎఫ్ (భవిష్య నిధి) చట్టం కిందికి వస్తుంది. యజమాని వాటా 12 శాతం, బీమాకు అర శాతం, నిర్వహణ రుసుము అర శాతం. తలకు 1,950 రూపాయలు. అదీ కొత్తవాడికి మాత్రమే కాదు, ఇరవై మందికీ కట్టాలి. నెలకు 39,000. అతని జీతం కూడా కలిపితే ఒక్క మనిషిని పెట్టుకున్నందుకు పెరిగే ఖర్చు 54,000. పందొమ్మిది దగ్గరే ఆగిపోయేవాళ్లూ, ఇరవయ్యోవాడి పేరు హాజరు పట్టీలో ఎక్కించనివాళ్లూ ఉన్నారంటే కారణం ఈ లెక్కే.

ఈ లెక్క వెనక డెబ్బై ఏళ్ల చరిత్ర ఉంది. ముసలితనంలోనూ జబ్బు చేసినప్పుడూ కార్మికుడు చేయి చాచకూడదన్న ఆశయంతో స్వతంత్ర భారతం రెండు చట్టాలు తెచ్చింది. 1948 నాటి ఈఎస్ఐ (కార్మిక రాజ్య బీమా) చట్టం అమలు 1952 ఫిబ్రవరి 24న కాన్పూర్‌లో నెహ్రూ చేతుల మీదుగా మొదలైంది. పీఎఫ్ 1951లో ఆర్డినెన్సుగా వచ్చి, మరుసటి ఏడు చట్టమైంది. మొదట్లో అది సిమెంటు, సిగరెట్లు, ఇంజనీరింగ్, ఇనుము-ఉక్కు, కాగితం, బట్టల మిల్లులు అనే ఆరు పరిశ్రమలకే, అందులోనూ 50 మంది, ఆపైన ఉన్న చోట్లకే వర్తించేది. వాటా 6.25 శాతం. అంటే పెద్ద మిల్లులను దృష్టిలో పెట్టుకుని రాసిన చట్టమది.

1960లో ఆ 50 కాస్తా 20 అయింది. చిన్న షాపులూ పరిధిలోకి వచ్చాయి. అయితే కొత్తగా పెట్టిన సంస్థలకు మొదటి కొన్నేళ్లు మినహాయింపు ఉండేది. నిలదొక్కుకునేదాకా యజమానికి ఊపిరి సలిపేది. కానీ ఆ ఏళ్లలో పనిచేసినవాడి ఖాతాలో రూపాయి పడేది కాదు. ఆ వెసులుబాటు మూల్యం కార్మికుడే చెల్లించాడు. 1997 సెప్టెంబర్‌లో ఆ మినహాయింపు రద్దయింది. అప్పుడే వాటా కూడా చాలా పరిశ్రమలకు 12 శాతానికి పెరిగింది. బీడీ, ఇటుక, జనపనార వంటి కొన్నింటికే 10 శాతం మిగిలింది. కొత్త సంస్థలకు ఒకేసారి రెండు బరువులు మీద పడ్డాయి.

తగ్గింపులు చాలా ఆలస్యంగా మొదలయ్యాయి. 2014లో ఉద్యోగికి ఒకే శాశ్వత పీఎఫ్ సంఖ్య (యూఏఎన్) వచ్చాక ఉద్యోగం మారిన ప్రతిసారీ కొత్త ఖాతా నంబరు పట్టుకు తిరిగే తిప్పలు తగ్గాయి. ఒకప్పుడు 1.10 శాతమున్న పీఎఫ్ నిర్వహణ రుసుము 2018 జూన్ నాటికి 0.50కి దిగింది. 2019 జూలైలో ఈఎస్ఐలో యజమాని వాటా 4.75 నుంచి 3.25 శాతానికి, కార్మికుడి వాటా 1.75 నుంచి 0.75కి తగ్గింది. 15,000 జీతం మీద యజమానికి నెలకు 225 రూపాయలు మిగిలాయి.

అసలైన మలుపు 2016లో వచ్చింది. ప్రధానమంత్రి రోజ్‌గార్ ప్రోత్సాహన్ యోజన కింద కొత్తగా చేరినవారి తరఫున యజమాని వాటాలోని పెన్షన్ భాగం 8.33 శాతాన్ని ప్రభుత్వమే కట్టింది. 2018 ఏప్రిల్ నుంచి యజమాని వాటా 12 శాతమూ భరించింది. కోవిడ్ కాలంలో వచ్చిన ఆత్మనిర్భర్ భారత్ రోజ్‌గార్ యోజన, వెయ్యి మందిలోపు ఉన్న సంస్థల్లో కొత్తవారికి యజమాని, కార్మికుడు ఇద్దరి వాటాలూ కలిపి 24 శాతం రెండేళ్లపాటు ఇచ్చింది. యజమాని జేబు తేలికైంది, కార్మికుడి ఖాతా మాత్రం నిండింది. పాత మినహాయింపుకూ దీనికీ ఉన్న తేడా ఇదే.

2025 ఆగస్టు 1న మొదలైన వికసిత్ భారత్ రోజ్‌గార్ యోజన ఇదే దారిలో నడుస్తోంది. కేటాయింపు 99,446 కోట్లు. 50 మందిలోపు ఉన్న సంస్థ కనీసం ఇద్దరిని అదనంగా చేర్చుకుని ఆరు నెలలు నిలబెడితే, జీతాన్ని బట్టి తలకు నెలకు గరిష్ఠంగా 3,000 రూపాయలు రెండేళ్లు అందుతాయి. తయారీ రంగానికైతే నాలుగేళ్లు.

ఇవన్నీ మంచి పథకాలే, కానీ అన్నిటికీ గడువుంది. గడువు లేనిది 1960 నాటి ఆ ఇరవై అంకె ఒక్కటే. 2025 నవంబర్‌లో అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా స్మృతిలోనూ అది చెక్కుచెదరలేదు. చిన్న యజమానికి కావలసింది చట్టం నుంచి విముక్తి కాదు, మెట్లున్న దారి. ఇరవయ్యో మనిషి చేరినప్పుడు మొదట అతనికే వాటా కట్టించి, మిగతా పందొమ్మిది మందినీ రెండు మూడేళ్లలో విడతలుగా చేర్చాలి. ఆ మధ్యకాలంలో వాళ్ల వాటాను ప్రభుత్వం భరించాలి. కార్మికుడి పెన్షన్‌లో పైసా కోయకుండానే ఇది సాధ్యమని గత పదేళ్ల అనుభవం రుజువు చేసింది. పాలకులు ఈ ఒక్క గడపను సరిచేయాలి. తలుపు బయట నిలబడ్డ ఆ ఇరవయ్యో మనిషి లోపలికి రావాలి, అతని పేరు పట్టీలోకి ఎక్కాలి.