పిల్లల పళ్ళెం - పెద్దల అమానత్

పిల్లవాడు బొద్దుగా ఉంటే "మాషా అల్లాహ్! కలిగిన ఇంటి బిడ్డ" అని మురిసిపోవడం మన పెద్దల నాటి అలవాటు. అందులో వారిని తప్పుపట్టలేము. 1832-33లో గుంటూరు ప్రాంతాన్ని పీడించిన డొక్కల కరువు, 1876-78లో రాయలసీమను వణికించిన ధాత కరువు ఈ గడ్డ మీదే వచ్చాయి. ఆ రోజుల్లో కండపట్టిన బిడ్డంటే బతికి బట్టకట్టే బిడ్డ అని అర్థం. కాలం మారింది గాని, ఆ మురిపెం మాత్రం మన ఇళ్ళలో అలాగే ఉండిపోయింది.

అయితే కరువులకు ఎన్నో వందల ఏళ్ళ ముందే మన ధర్మం మితాహారాన్ని బోధించింది. తినండి, త్రాగండి, కాని హద్దు మీరకండి అన్న భావం ఖురాన్‌లో ఉన్నది. కడుపులో మూడోవంతు ఆహారానికి, మూడోవంతు నీటికి, మూడోవంతు ఊపిరికి వదలాలన్న దైవప్రవక్త (స) ఉపదేశాన్ని తిర్మిజీ హదీసు గ్రంథం భద్రపరిచింది.

1037లో మరణించిన మహావైద్యుడు ఇబ్న్ సీనా తన వైద్య గ్రంథం "అల్ ఖానూన్"లో పిల్లల దినచర్య వ్రాశాడు. నిద్ర లేచాక స్నానం, కాసేపు ఆట, కొద్దిగా ఆహారం, మళ్ళీ ఎక్కువసేపు ఆట, ఆ తర్వాతనే పూర్తి భోజనం. చూశారా, తిండికంటే ఆటకే ఎక్కువ పొద్దు కేటాయించాడు!

ఇమాం గజాలీ (1058-1111) మరొక అడుగు ముందుకు వేశారు. బిడ్డ తల్లిదండ్రుల చేతిలో అమానత్ అని "ఇహ్యా ఉలూమిద్దీన్"లో వ్రాశారు. పిల్లల్లో మొట్టమొదట తలెత్తే దుర్గుణం తిండిమీది అత్యాశ అనీ, తర్బియత్ అక్కడి నుంచే మొదలుకావాలనీ చెప్పారు. తొందరపడకుండా బాగా నమిలి తినడం, అప్పుడప్పుడు కూర లేకుండా వట్టి రొట్టెతో సరిపెట్టుకోవడం, పగలు కొంత నడక నేర్పమన్నారు. మరో మాట కూడా అన్నారు. పిల్లవాడు ఒకసారి తప్పు చేస్తే చూసీచూడనట్లు ఉండాలి గాని, నలుగురిలో బయటపెట్టరాదు. "మోటూ" అని ఎగతాళి చేసే మేనమామలు, చిన్నాన్నలు ఈ మాట గమనించాలి.

ఇక మన కాలానికి వద్దాం. 1918లో కూనూరులో బెరిబెరి వ్యాధి పరిశోధనతో మొదలై, 1958లో హైదరాబాదుకు తరలివచ్చిన నేటి జాతీయ పోషకాహార సంస్థ దశాబ్దాల పాటు ప్రధానంగా పోషకాహార లోపంతోనే పోరాడింది. అదే సంస్థ 2024లో ఇచ్చిన 17 ఆహార సూత్రాలలో స్థూలకాయాన్ని నివారించడం కూడా ఒకటి. ప్రపంచంలో 5-19 ఏళ్ళ పిల్లల్లో 2000లో నూటికి ముగ్గురే స్థూలకాయులు. 2025లో యూనిసెఫ్ వెల్లడించిన లెక్క 9.4 శాతం. తక్కువ బరువున్నవారు 9.2 శాతం. అంటే స్థూలకాయులే ఎక్కువైపోయారు. వెనుక నడివయసులో వచ్చే మధుమేహం ఇప్పుడు పిల్లల్లోనూ కనిపిస్తున్నది.

పళ్ళెంలో వడ్డించేది మనమే, కూల్‌డ్రింకు కొనిపెట్టేదీ మనమే. ఏడుపు ఆపడానికి చేతిలో చిప్స్ పొట్లం, సెల్‌ఫోను పెట్టేదీ మనమే. ఆడపిల్ల కాస్త ఎదగగానే ఆట మాన్పించి ఇంట్లో కూర్చోబెట్టేదీ మనమే. మరి నేరం పిల్లలదెలా అవుతుంది?

పండుగనాడు షీర్ ఖుర్మా, దావత్‌లో బిర్యానీ వద్దని మేము అనడం లేదు. రోజూ పండుగ చేయవద్దంటున్నాము. పస్తులుంచమనీ కాదు. పెరిగే పిల్లలకు పప్పు, కూర, గుడ్డు, పండు కావాలి. ఇంటిల్లిపాదీ ఒకే దస్తర్‌ఖాన్ చుట్టూ కూర్చుని, పెద్దలే ముందు మితంగా తిని చూపించాలి. సాయంత్రం ఒక గంట కొడుకునూ కూతురునూ ఆడుకోనివ్వాలి. మొక్కై వంగనిది మానై వంగునా?

అమానత్ గురించి రేపు మనల్ని అడుగుతారు. దానిని కాపాడే బుద్ధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.