తల్లి పేరు రాసిన గడి

దగ్గరికి జరగండి, కానీ నిప్పుకి మరీ దగ్గరగా వద్దు. ఒరే చిన్నోడా, ఆ పుల్ల కింద పెట్టు. సీమపనసకాయ తొక్క బొగ్గులా మాడితేగానీ లోపల గుజ్జు మగ్గదు. ఊరికే కెలికితే సగం పచ్చిగా ఉండిపోతుంది. ఈ జమైకా దేశం వచ్చాక మీ అమ్మమ్మ నాకు నేర్పిన మొదటి పని ఇది.

నీ బడి కాగితం చూశానమ్మా. వంశవృక్షం గీసుకు రమ్మన్నారు కదా. మా వైపు ఏడు తరాలు చెప్పాను, గీసేశావు. అమ్మ వైపు కొమ్మ నాలుగో తరం దగ్గర ఆగిపోయిందని మొహం చిన్నబుచ్చుకున్నావు. అది ఆగిపోలేదే తల్లీ. ఈ కాయ మగ్గేలోపు చెబుతాను, వినండి.

ముందు ఈ కాయ సంగతే చెప్పాలి. 1793లో బ్లై అనే కెప్టెన్ తాహితీ దీవి నుంచి ఈ మొక్కల్ని ఓడకెక్కించి తెచ్చి జమైకాలో దింపాడు. చెరకు తోటల దొరలు బానిసల కడుపు తక్కువ ఖర్చులో నింపాలని తెప్పించుకున్న చెట్టు ఇది. మొక్కలు ఎక్కడివో, ఏ ఓడలో వచ్చాయో, ఏ ఏడు దిగాయో అన్నీ రాసిపెట్టారు. అదే దీవిలో ఆఫ్రికా నుంచి దించిన మనుషులది ఏ ఊరో, కన్నవాళ్లు ఏమని పిలిచేవాళ్లో రాసినవాళ్లు లేరు. మీ అమ్మ వైపు కథ అక్కడ మొదలవుతుంది.

మీ అమ్మా నాన్నల పెళ్లి ఇక్కడే కింగ్‌స్టన్‌లో చేశాం. ప్రవర చెప్పే వేళయింది. పెళ్లికొడుకు ఎవరి మునిమనవడు, ఎవరి మనవడు, ఎవరి కొడుకు. పెళ్లికూతురు ఎవరి మునిమనవరాలు, ఎవరి మనవరాలు, ఎవరి కూతురు అని పంతులుగారు పందిరంతా వినేలా చదువుతారు. మన వైపు గోత్రంతో సహా గడగడా చదివేశారు. తర్వాత మీ అమ్మమ్మ వైపు తిరిగి, అమ్మాయి తాత ముత్తాతల పేర్లు చెప్పమన్నారు. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తర్వాత నిదానంగా, “మా ఇంట్లో మగవాళ్ల పేర్లు రెండు మెట్లు ఎక్కేసరికి జారిపోతాయి. ఆడవాళ్ల పేర్లయితే చెబుతాను” అంది.

నేను సిగ్గుపడ్డానమ్మా. ఇండియా నుంచి వచ్చిన మా వాళ్లు ఏమనుకుంటారోనని తల దించుకున్నాను. అది తలుచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. పంతులుగారు పెద్ద మనసున్న మనిషి. “చెప్పండమ్మా” అని, ఆవిడ చెప్పిన తల్లి పేరు, అమ్మమ్మ పేరు, ఆమె తల్లి పేరు, మూడూ అంతే శ్రద్ధగా చదివారు. తల్లుల పేర్లతో ప్రవర వినడం నాకు అదే మొదలు.

ఆ రాత్రి గిన్నెలు సర్దుకుంటుంటే ఆవిడ అంది: “వదినా, మీకు ఏడు తరాలున్నాయి. నాకు మా అమ్మమ్మ వదిలి వెళ్లిన ఒక తోట పేరుంది.” వదిన అనే మాట నేనే నేర్పాను ఆవిడకి.

ఆ తోట ఉత్తరపు తీరాన ట్రెలానీ పారిష్‌లో ఉండేది. పారిష్ అంటే ఇక్కడ జిల్లా లాంటిది. అంతా చెరకే. ఇక్కడ ఎవరైనా పోతే తొమ్మిది రాత్రులు మేలుకుంటారు చూశారా, నైన్ నైట్ అంటారు. పాటలు, కథలు, పోయినవాళ్ల ముచ్చట్లు. అలాంటి రాత్రుల్లో ఆవిడ అమ్మమ్మ ఆ తోట పేరు చెబుతుండేదట, “మనం అక్కణ్ణుంచి వచ్చాం” అని. ఆ ఒక్క మాట పట్టుకుని మేమిద్దరం బయల్దేరాం.

మొదట్లో దారి సాఫీగానే ఉంది. ఈ దేశంలో 1878 నుంచి ప్రభుత్వం పుట్టుకలూ చావులూ రాయిస్తోంది. తండ్రి గడి చాలాచోట్ల ఖాళీ, తల్లి గడిలో మాత్రం పేరు. అంతకుముందు చర్చి పుస్తకాలు. అలా 1840 ప్రాంతంలో పుట్టిన ఒకావిడ దాకా వెళ్లాం. అక్కడ చిక్కుకుపోయాం. ఆవిడ తల్లి ఎక్కడిదో తెలియలేదు.

ఎందుకంటే 1838 ఆగస్టు 1న పూర్తి స్వేచ్ఛ వచ్చాక జనం తోటలు వదిలి కదిలారు. కొరడా దెబ్బలు తిన్న నేల మీద ఎవరుంటారు? బాప్టిస్టు పాదిరీలు భూములు కొని, చిన్న చిన్న ముక్కలు చేసి ఇస్తే ఊళ్లు కట్టుకున్నారు. స్లైగోవిల్ అలాంటి వాటిలో మొదటిది. ఒక పారిష్‌లో పుట్టిన మనిషి ఇంకో పారిష్‌లో తేలితే కాగితం ఆమె వెంట నడవదు కదా. దానికి తోడు మేం ఇంకో పొరపాటు చేశాం. ఇంటిపేరు ఉందంటే అది దొర ఇంటిపేరే అయుంటుందనుకుని, ఆ పేరుగల దొరల లెక్కలన్నీ తిరగేస్తూ ఏడాది పోగొట్టుకున్నాం. చాలామంది బాప్తిస్మం నాడు తమకి నచ్చిన ఇంటిపేరు పెట్టుకున్నారని తర్వాత తెలిసింది. చివరికి దారి చూపించింది మీ అమ్మమ్మ వాళ్ల అమ్మమ్మ నోటిమాటే.

తోట పేరుంటే దాని దొర ఎవరో తెలుస్తుంది. దొర పేరు తెలిస్తే పెద్ద పుస్తకాలు తెరుచుకుంటాయి. స్పానిష్ టౌన్‌లో పాత దస్తావేజుల భవనం ఉంది, అక్కడికి వెళ్లాం.

ఆ పుస్తకాలు ఎందుకు పుట్టాయో వినండి. 1807లో బ్రిటిష్ పార్లమెంటు బానిసల వర్తకాన్ని నిషేధించింది. వర్తకాన్ని మాత్రమే, బానిసత్వాన్ని కాదు. దొంగచాటుగా కొత్తవాళ్లను దింపుతున్నారేమో కనిపెట్టాలని ఉన్నవాళ్లందరి లెక్కా రాయమన్నారు. ట్రినిడాడ్‌లో ముందు రాశారు, జమైకాలో 1817లో. ఆ తర్వాత 1832 దాకా మూడేళ్లకోసారి ఎవరు పుట్టారు, ఎవరు పోయారు, ఎవరిని కొన్నారు, ఎవరిని అమ్మారు అని దొరలు లెక్క అప్పజెప్పాలి.

పుటంతా గడులు. పేరు, రంగు, వయసు, ఆఫ్రికనా క్రియోలా. క్రియోల్ అంటే ఈ దీవిలోనే పుట్టినవాళ్లు. చివర్లో ఇంకో గడి, అందులో చాలాచోట్ల ఫలానా ఆమె కూతురు, ఫలానా ఆమె కొడుకు అని తల్లి పేరు. తండ్రికి గడే లేదు. దూడ ఆవు గలవాడిదైనట్టు, పుట్టిన బిడ్డ తల్లి యజమాని సొత్తని వాళ్ల చట్టం. ఆ సొత్తు లెక్క కోసం రాసుకున్న తల్లి పేరు తప్ప ఈ ఇంటి ఆడపడుచులకి ఇంకో ఆనవాలు మిగల్లేదు. అంత పాపిష్టి పుస్తకాన్ని కళ్లకద్దుకోవాలో విసిరికొట్టాలో నాకు తెలియలేదమ్మా. మీ అమ్మమ్మ మాత్రం చేతులు తుడుచుకుని నెమ్మదిగా పుట తిప్పింది.

1817 పుస్తకంలో మేం వెతుకుతున్న మనిషి దొరికింది. అప్పటికి రెండేళ్ల పాప, క్రియోల్. చివరి గడిలో తల్లి పేరు. వేలు పైకి జరిపితే అదే జాబితాలో ఆ తల్లి. వయసు ముప్ఫై. ఆఫ్రికన్.

మీ అమ్మమ్మ వేలు ఆ గీత మీదే ఉండిపోయింది. నేను లెక్క కట్టాను. 1817లో ముప్ఫై అంటే, వర్తకం ఆగిన ఏడాదికి ఇరవై. అంటే ఆ లోపే ఎప్పుడో, బహుశా మీ ఈడు పిల్లగా ఉన్నప్పుడే ఓడ దిగి ఉంటుంది.

ఆమె పేరు వారం పేరు. ఘనా దేశపు అకాన్ జనం పుట్టిన వారాన్ని బట్టి పిల్లలకి పేరు పెడతారు. ఆదివారం మగపిల్లాడైతే ఇక్కడి పుస్తకాల్లో క్వాషీ, సోమవారమైతే కడ్జో, శుక్రవారమైతే కఫీ. ఆడపిల్ల సోమవారం పుడితే జూబా, గురువారమైతే అబ్బా. నాకు మన ఊరి సోమయ్యలు, మంగమ్మలు గుర్తొచ్చారు. దొరలు ఎంతోమందికి వీనస్ అనీ పాంపీ అనీ లండన్ అనీ తమకి తోచిన పేర్లు తగిలించారు, ఈమెకి మాత్రం వారం పేరు నిలిచింది. అంతమాత్రాన ఆమె అకాన్ బిడ్డే అని చెప్పలేంలే. తోటల్లో ఆ పేర్లు అన్ని జాతుల వాళ్లకీ పాకాయి. ఆఫ్రికన్ అన్న ఒక్క మాటే రాశారు. అంత పెద్ద ఖండంలో ఏ ఊరని వెతుకుతాం?

మన మద్రాసు రేవు నుంచి కూలీలుగా గయానాకి వెళ్లినవాళ్లూ తక్కువ కష్టం పడలేదు. కానీ వాళ్ల చీటీల్లో తండ్రి పేరు, కులం, ఊరు రాశారు. మునిమనవలు ఆ చీటీ పట్టుకుని వచ్చి ఊరు వెతుక్కోగలుగుతున్నారు. ఈమెకి ఆ చీటీ లేదు.

తర్వాతి పుస్తకాలూ చూశాం. 1826లో తగ్గినవాళ్ల వరసలో ఆ తల్లి పేరుంది, చనిపోయిందని. స్వేచ్ఛ ఇంకా పన్నెండేళ్ల దూరంలో ఉంది. కూతురు బతికింది. 1834లో బానిసత్వాన్ని రద్దు చేసే చట్టం అమల్లోకి వచ్చినప్పుడు దొరలకి నష్టపరిహారంగా బ్రిటిష్ ప్రభుత్వం 2 కోట్ల పౌండ్లు కేటాయించింది. అందుకు చేసిన అప్పు 2015 దాకా తీరలేదు. పంతొమ్మిదేళ్ల ఆ పిల్లకీ ఖరీదు కట్టారు, డబ్బు మాత్రం దొరకి ముట్టింది. ఆమెకి కాణీ రాలేదు. ఆమె కన్న కూతురే మేం చర్చి పుస్తకంలో చూసిన 1840 నాటి ఆవిడ. ఆ ఇంట్లో ఎవరి సొత్తూ కాకుండా పుట్టిన బిడ్డ.

ఇక్కడివాళ్లు బిడ్డ బొడ్డుతాడు పాతిపెట్టి దానిమీద చెట్టు నాటుతారు, అది ఆ బిడ్డ చెట్టు. అదిగో, నువ్వు ఉయ్యాల కట్టుకున్న ఆ సీమపనస చెట్టు మీ అమ్మది. మీ అమ్మమ్మే నాటింది.

మరి ఆ వారం పేరు ఏదని అడుగుతావా? నాకు తెలుసు, కానీ నేను చెప్పను. అది మీ అమ్మమ్మ నోటి నుంచి వినాల్సిన పేరు. కాగితంలో పై కొమ్మ దగ్గర చోటు వదిలిపెట్టు. ఒరే చిన్నోడా, గేటు చప్పుడైంది, అమ్మమ్మ వచ్చినట్టుంది. వెళ్లి సంచీ అందుకో. కాయ మగ్గింది, ఈలోపు నేను తొక్క తీస్తాను.