కృష్ణ దాటినవారి హక్కు

ఏ దేశపు బిడ్డవని గాక, ఈ గడ్డపై ఎన్నేండ్లు బ్రతికితివని అడిగి హక్కు లీయవచ్చునా? ఈ ప్రశ్న తెలుగువారికి క్రొత్త గాదు. బ్రిటిషు పాలనలో నూజెండ్ల మద్రాసు రాజధానిలోనిది. అచటివాడు కృష్ణ దాటి నల్లగొండ చేరినచో నిజాము ఏలుబడిలో గైర్‌ముల్కీ యగుచుండెను. భాష యొక్కటే, ప్రభుత వేరు.

1919 నాటి ముల్కీ నిబంధనలు సర్కారు కొలువులను ముల్కీలకు ప్రత్యేకించినవి. అయినను పుట్టుక యొక్కటే ప్రమాణము గాదు. 15 ఏండ్లు స్థిరముగా నివసించి, వెనుకటి ఊరికి మరలు తలంపు విడిచితినని ప్రమాణపత్ర మిచ్చిన పరాయివాడును ముల్కీయే. ఏండ్లు లెక్కింపవచ్చును, మనసు మరలినదో లేదో ఏ అధికారి కొలువగలడు?

1992 నాటి మాస్ట్రిక్ట్ ఒడంబడిక ఐరోపాకు ఉమ్మడి పౌరసత్వము నేర్పరచియు, దానిని సభ్యదేశపు పౌరునికే పరిమితము చేసినది. పారిస్‌లో 20 ఏండ్లు శ్రమించినను అన్యదేశ పౌరుడుగనే యున్నవానికి అది లేదు. ముల్కీతనము కొలువులకే గాని ఓటునకు గాదు; అయినను నివాసమును గుర్తించుటలో నిజాము నిబంధనయే ఉదారమని మా తలంపు.

1956లో రెండు సీమలు నొక్క రాష్ట్రమైనను నిబంధన నిలిచినది. కొలువులు చేజారునన్న తెలంగాణ యువకునికి అది రక్షణ. కోస్తా యువకునికి సొంత రాష్ట్రముననే అడ్డుగోడ. 1972 అక్టోబరు 3న సుప్రీంకోర్టు అది చెల్లునని తీర్పు చెప్పగా జై ఆంధ్ర ఉద్యమము రగిలినది. 1973లో పార్లమెంటు ముల్కీ నిబంధనలను రద్దుచేసినది. 1975 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు స్థానికతకు 4 ఏండ్ల చదువును, చదువు లేనిచోట నివాసమును గురుతుగా నిలిపినది. మరలు తలంపును గూర్చి ఎవరినీ అడుగలేదు.