రెండు వాకిళ్ల చరిత్ర

నాదర్‌గుల్ నుండి బడంగుపేట, కర్మన్‌ఘాట్, సరూర్‌నగర్‌ల మీదుగా దిల్‌సుఖ్‌నగర్ చేరి, అచ్చట నుండి మలక్‌పేట దాటి, చాదర్‌ఘాట్ వంతెన మీదుగా కోఠికి పోవు మార్గమున నేడు ప్రతిదినమును వేలకొలది జనులు పనులకై ప్రయాణము చేయుచున్నారు. ఆ మార్గము ముగియు చోట, ఒకదాని కొకటి నడిచిపోదగిన దూరముననే, ఇరువదవ శతాబ్దపు తొలి దినములలో రెండు వాకిళ్లు తెరువబడెను. ఒకటి తెలుగు పుస్తకములకై తెరచిన వాకిలి. రెండవది సంఘము వెలివేసిన వారి బిడ్డలకై తెరచిన వాకిలి. తరువాతి కాలమున తెలంగాణమున పుట్టిన సభలకును, పత్రికలకును, ఉద్యమములకును ఈ రెండును పుట్టినిండ్లని నా విశ్వాసము. అందు రెండవదానికి మన చరిత్రకారులు కేటాయించిన పుటలు దాని ఘనతకు తగినన్ని లేవనియు నా విశ్వాసమే.

నాటి హైదరాబాదు రాజ్యప్రజలలో సగమునకు కొంచెము తక్కువగా తెలుగువారుండిరి. రాజభాష మాత్రము 1880 దశకము వరకు పారసీ, తదుపరి ఉర్దూ. కచేరీలో అర్జీ దాఖలు చేయుటకును, న్యాయస్థానమున వ్యాజ్యము నడపుటకును, కడకు తన పొలము కాగితమున ఎవరి పేరు వ్రాసిరో తెలిసికొనుటకును రైతునకు పరుల సహాయము కావలసి యుండెను. నూరుగురిలో చదువనేర్చినవారు ఐదుగురైనను లేని కాలమది. దేశముఖులును, జాగీర్దారులును, పర్యటనకు వచ్చిన అధికారులును వెట్టి చేయించుకొనుచుండిరి. వర్తకుల సరకులను తాము చెప్పిన ధరకే తీసికొనిపోవుచుండిరి. ఇన్ని బాధలుండియు, బాధితులు ఒకచోట కూర్చుండి మాటాడుకొనుటకు గ్రామమున స్థలమే లేకుండెను. గడీ దొరది, చావడి పటేలు పట్వారీలది, గుడి ముంగిట కులమునకొక హద్దు. అందరును ఒక మట్టమున కూర్చుండదగిన నేల ఊరిలో గజమైనను లేనప్పుడు, కష్టము ఎవరికి వారికి సొంతముగనే మిగిలిపోవును. అది పదిమంది సమస్యగా రూపొందుటకు ముందుగా పదిమంది చేరు చోటొకటి కావలెను.

అట్టి చోటు 1901 సెప్టెంబరు 1వ తేదీన హైదరాబాదున రావిచెట్టు రంగారావు గారి స్వగృహమున ఏర్పడెను. శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమని దానికి పేరిడిరి. కొమఱ్ఱాజు వేంకట లక్ష్మణరావు గారి సంకల్పము, మునగాల రాజా నాయని వెంకట రంగారావు గారి ఆదరణ, రంగారావు గారి యిల్లు, ఈ మూడును కూడి దానిని నిలిపినవి. 1910లో రంగారావు గారు గతించిన పిదప ఆయన భార్య లక్ష్మీనరసమ్మ గారు ఆ సంస్థకు ధనసహాయము చేసి నిలబెట్టిరి. మన గ్రంథాలయ చరిత్రలలో పురుషుల పేర్లే బారులు తీరియుండుట చేత ఈ యిల్లాలి పేరును ఇచ్చట ప్రత్యేకముగా స్మరింపవలెనని తోచినది.

ఆ ప్రాంతపు విశేషమొకటి గమనింపదగినది. కోఠి చుట్టుపట్ల రెసిడెన్సీ బజారులు 1933 వరకు ఆంగ్లేయ రెసిడెంటు పాలనలో నుండి, ఆ యేట నిజాముకు మరల సంక్రమించి సుల్తాన్ బజారైనవి. నిజాము ప్రభుత్వపు ఆంక్షలు నగరమున ఇతరచోట్ల వలె ఇచ్చట బిగుసుకొనలేదు. అందుచేతనే తెలుగు, మరాఠీ సంస్థలు పెక్కు ఈ వీథుల పరిసరములనే అంకురించినవి. రాజకీయ మెరుగని గ్రంథాలయమని పైకి కనిపించిన ఆ నిలయము నిజమునకు, సభ జరుపుకొన హక్కులేని జనులు సభ జరుపుకొన్న తావు. పత్రిక ఒకరు చదువగా పదుగురు వినుటయు, విన్నదానిపై చర్చించుటయు, సాహిత్యోత్సవమను పేర దూరపు ఊళ్ల వారు కలిసికొనుటయు అచ్చటి నిత్యకృత్యములు. 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్ర భాషానిలయము, 1905లో సికింద్రాబాదున ఆంధ్ర సంవర్ధినీ గ్రంథాలయము వెలసినవి. 1906లో పుట్టిన విజ్ఞాన చంద్రికా మండలి మరుసటి యేట గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారి అబ్రహాం లింకన్ చరిత్రతో తన ప్రచురణలకు శ్రీకారము చుట్టెను. బానిసల విమోచనమునకు పాటుపడిన వాని జీవితమునే తొలి గ్రంథముగా ఎన్నుకొనుటలో ఆ మండలి వారి యుద్దేశము వెట్టి నేలలో నివసించు పాఠకునకు విడమరచి చెప్పనక్కర లేకుండెను.

1921 నవంబరు నెలలో హైదరాబాదు వివేకవర్ధిని విద్యాలయమున జరిగిన సంఘసంస్కార సభకు స్త్రీవిద్యకై జీవితమును ధారపోసిన ధోండో కేశవ కర్వే గారు అధ్యక్షులు. ఉర్దూ, మరాఠీ, ఆంగ్లోపన్యాసములను సావధానముగా వినిన ఆ సభ, ఆలంపల్లి వెంకట రామారావు గారు తెలుగున ప్రసంగింప లేచినంతనే గేలిచేసి ఆయనను మాటాడనీయలేదు. నాటి అవమానమున కుమిలిన కొందరు టేకుమాళ్ల రంగారావు గారి యింట సమావేశమై ఆంధ్ర జనసంఘమును స్థాపించిరి. మాడపాటి హనుమంతరావు గారి నేర్పు ఇందు ప్రకాశించినది. ఆయన కోపముతో పనిచేయలేదు. ఊరూర గ్రంథాలయములు, పఠనమందిరములు పెట్టించుట, శాసనములును తాళపత్రములును సేకరించుట, వెట్టిని గూర్చియు వర్తకుల హక్కులను గూర్చియు చిన్న పొత్తములు ప్రకటించుట సంఘకార్యములుగా నిర్ణయించిరి. వెట్టిని నిషేధించు ఉత్తరువులను ప్రభుత్వమే లోగడ జారీచేసి యుండెను; ఉర్దూలో నున్న ఆ యాజ్ఞలు తెలుగు గ్రామమున నెవరికిని తెలియవు. వానిని తెలిగించి పఠనమందిరమున చదివి వినిపించిన నాడు, సామాన్యుడు తనకు లేదనుకొన్న హక్కు తన చేతికి దొరికినట్లు తెలిసికొనెను. సభలకు ముందస్తు అనుమతి కావలెనను గస్తీ నిషాన్ 53 ఉత్తరువు కఠినముగా నమలగుచున్న ఆ దినములలో, గ్రంథాలయ వార్షికోత్సవమే ప్రజాసభకు మారుపేరయ్యెను.

ఇట్టి కల్పనాచాతుర్యమునకు శిఖరముగా నేనెంచునది 1934 నాటి గోలకొండ కవుల సంచిక. తెలంగాణమున కవులు పూజ్యమని ఒకరు పత్రికలో వ్రాయగా, సురవరం ప్రతాపరెడ్డి గారు వాదమునకు వాదము పెంపక, గ్రామగ్రామము నుండి పద్యములు తెప్పించి, 354 మంది కవులను ఒక్క సంపుటమున నిలిపిరి. 1926 నుండి ఆయన నడపుచున్న గోలకొండ పత్రికకు పల్లెలలో ఉన్న చదువరులే ఆ సేకరణకు కాళ్లు, చేతులు.

అయినను ఈ మొదటి వాకిలికొక లోపముండెను. దానిని దాచుట చరిత్రకు ద్రోహము. వాకిలి తెరచియున్నంత మాత్రమున అక్షరమే రానివాడు లోనికి వచ్చి యేమి చేయును? అక్షరము రాకుండ తరతరములుగా వాకిళ్లు మూయబడినవాడు, తెరచిన దానిని తనకొఱకే తెరచిరని యెట్లు నమ్మును? ఈ ప్రశ్నకు సమాధానము గ్రంథాలయములలో పుట్టలేదు. కోఠి చెంత ఈసామియా బజారున పుట్టినది.

మాదరి భాగయ్య 1888లో హైదరాబాదున మాల కుటుంబమున జన్మించెను. తరువాత లోకమాయనను భాగ్యరెడ్డి వర్మ యని యెరిగినది. 1906లో, అనగా పదునెనిమిదేండ్ల ప్రాయమున, ఆయన జగన్మిత్ర మండలిని నెలకొల్పెను. ఆ మండలి చేపట్టిన సాధనములు హరికథలు, భజనలు. విజ్ఞాపనపత్రములతో గాని, తీర్మానములతో గాని ఆయన పని ప్రారంభింపలేదు. ఇందలి సూక్ష్మమును నేను పలుమారులు తలపోసితిని. హరికథ వినుటకు అక్షరము అక్కరలేదు, రుసుము లేదు, కుర్చీ లేదు. పగలెల్ల కూలి చేసి వచ్చిన మనుజుడు రాత్రి తన వాడలోనే, తన బిడ్డను ఒడిలో నిడుకొని, చిరుతల మ్రోతను వినుచు కూర్చుండవచ్చును. గుడి ముంగిట జరుగు కథను ఎడముగా నిలిచి చెవియొగ్గి వినవలసినవారికి, తమ నడుమనే, తమ వాడే నడుపు కథ ఎట్లుండి యుండునో ఊహింపుడు. భక్తికథ సాగుచుండ, నడుమ నడుమ పిట్టకథలకు తావున్న ఆ ప్రక్రియలో, మద్యము చేయు కీడును, బాల్యవివాహమును, ఆడుబిడ్డలను దేవుని పేర జోగినులుగా వదలు దురాచారమును, చదువు ఆవశ్యకతను ఇమిడ్చి చెప్పుట సులభము. నీవు తప్పు చేయుచున్నావని ఎదుట నిలిచి చెప్పినచో వినని చెవులు, కథలోని పాత్రకు కలిగిన దుఃఖమును వినును. సంస్కర్తలలో పెక్కురు జనులకు ఉపన్యసించిరి. భాగ్యరెడ్డి వర్మ ముందుగా వారితో పాడించెను.

కథ వినవచ్చినవారు నిలిచిపోవుటకు బడి కావలసినది. 1910లో ఈసామియా బజారు, లింగంపల్లి మున్నగు తావులలో ఆయన పాఠశాలలు తెరచెను. క్రమముగా అవి 26కు పెరిగినవి. బోధన తెలుగున. రాజభాష ఉర్దూగా నున్న నగరమున, అగ్రవర్ణ విద్యావంతులే తెలుగున మాటాడుటకు సభలో అవమానపడిన కాలమునకు పదేండ్లు ముందే, అంటరానివారి బిడ్డలు తెలుగు ఓనమాలు దిద్దుచుండిరన్నమాట మన భాషోద్యమ చరిత్రలో మొదటి పుటలో నుండవలసినది. 1911లో మన్యసంఘము, తదుపరి ఆది హిందూ సేవా సంఘము నెలకొన్నవి. కులపంచాయతులను సంస్కరించి, జరిమానాగా వచ్చిన సొమ్ము కల్లుపాకకు పోకుండ చూచుట, వివాదములను కచేరీకి పోనీయక తమలో తాము తీర్చుకొనుట అలవాటు చేసెను. 1917లో బెజవాడ యందు జరిగిన పంచమ మహాసభకు ఆయనను అధ్యక్షునిగా పిలువగా, సభికులు పంచములమను పేరును త్రోసిపుచ్చి ఆది ఆంధ్రులమని ప్రకటించుకొనిరి. 1931 జనాభా లెక్కలలో హైదరాబాదు రాజ్యమున అంటరానివారనబడినవారు ఆది హిందువులను పేర నమోదు చేయబడుట కూడ ఆయన కృషిఫలమే. 1939లో ఆయన అస్తమించెను. చాదర్‌ఘాట్ చెంత ఆది హిందూ భవనము నేటికిని ఆయన పేరును నిలుపుచున్నది.

ఈ రెండు వాకిళ్లను కలుపు మార్గములు కొన్ని తరువాత ఏర్పడినవి. ఒకరి యింట వంటవానిగా నుండి చదువు నేర్చిన వట్టికోట ఆళ్వారుస్వామి 1938లో దేశోద్ధారక గ్రంథమాలను నెలకొల్పి, తాను ప్రకటించిన పుస్తకములను తానే మోసికొని ఊరూర తిరిగి అమ్మెను. కృష్ణాతీరమున పాతూరి నాగభూషణము గారు 1935లో పెదవడ్లపూడి నుండి కొల్లూరు వరకు కాలువలో పడవ గ్రంథాలయము నడిపిరి. పాఠకుడు రానిచో గ్రంథమే పోవలెనను నిశ్చయము ఇరువురిదియు ఒకటే.

భాగ్యరెడ్డి వర్మ హరికథలలో నిందించిన మద్యమును ప్రజలే మరియొకమారు ఎదుర్కొన్న కథ ఇటీవలిది. 1990 దశకపు ఆరంభమున నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతా కార్యక్రమము సాగినది. కళాజాతాలు ఊళ్లకు వచ్చి పాటలు పాడి, నాటికలాడి స్త్రీలను రాత్రిబడికి పిలిచినవి. అచ్చటి వాచకములలో సీతమ్మ కథ యను పాఠముండెను. ఒక ఊరి ఆడువారు సారా దుకాణమును మూయించిన వృత్తాంతమది. దూబగుంట స్త్రీలు ఆ పాఠము చదువుకొని, అందున్నట్లే చేసిరి. ఆ యూరి రోశమ్మ పేరు రాష్ట్రమెల్ల మారుమ్రోగెను. 1993 అక్టోబరు 1న సారా నిషేధము, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధము వచ్చినవి. రెండవది 1997లో సడలింపబడినది. చట్టమున కది యపజయమే. ఐనను ఆ రాత్రిబడులలో స్త్రీలు ఒకరి కష్టము నొకరు తొలిసారి బిగ్గరగా చెప్పుకొనుటను ఏ సవరణయు రద్దుచేయలేదు.

ఇక మా నాదర్‌గుల్ సంగతి. మొన్నటి వరకు పొలములు, ఒక ప్రక్క విమానశిక్షణకైన చిన్న మైదానము గల గ్రామమిది. నేడు నగరము వచ్చి పైబడినది. పాలమూరు, నల్లగొండ, వరంగల్లు, కోస్తా జిల్లాల నుండి వచ్చినవారు ఒకే వీథిలో ఇండ్లు కట్టుకొని, ఒకరి పేరు ఒకరికి తెలియక జీవించుచున్నారు. నీటి కొరత, మురుగుకాలువ, వృద్ధుల యొంటరితనము, పిల్లలకు ఆటస్థలము లేమి, ఇవన్నియు అందరికిని ఉన్నవే; అయినను ప్రతివారును వానిని తమ గోడల లోపలనే అనుభవించుచున్నారు. అందరు చేరు చోటు ఎంత పని చేయగలదో పొరుగున బాలాపూరు వారు చూపినారు. 1994లో 450 రూపాయలకు ఆరంభమైన వినాయకుని లడ్డూ వేలము 2024 నాటికి 30 లక్షలు దాటినది. ఆ సొమ్ము గ్రామాభివృద్ధికి వినియోగమగుచున్నది. పండుగ పందిరి క్రింద పుట్టిన ఆ యేర్పాటును కేవలము భక్తియనియో ఆడంబరమనియో తీసివేయరాదు. అయితే పందిరి ఏటికొకమారే వేయుదురు.

ఏడాది పొడుగునను తెరచియుండు పందిరికి కావలసిన సొమ్మును మనము చెల్లించుచునే యున్నాము. 1955 నాటి హైదరాబాదు గ్రంథాలయ చట్టమునకును, 1960 నాటి ఆంధ్రప్రదేశ్ చట్టమునకును వెనుక ఆ పాత భాషానిలయముల వారి యాందోళనము కలదు. ఆ రెండవ చట్టము చొప్పున ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను. నాదర్‌గుల్ నుండి ఎల్బీనగర్ వరకు క్రొత్తగా లేచిన ప్రతి గృహమునకును ఈ పన్ను కలదు. ఆ ధనముతో కట్టు పఠనమందిరమున బీరువాలతో పాటు ఒక వేదికయు, కూర్చుండుటకు చాపలును ఉండవలెనని నేను కోరుచున్నాను. పగలు పరీక్షలకు చదువు యువకులు రావలెను. సాయంకాలము అక్షరము రాని భవననిర్మాణ కూలీలును, వారి బిడ్డలును వచ్చి కథ వినవలెను, తమ కథ చెప్పవలెను. తొలి కథగా భాగ్యరెడ్డి వర్మ జీవితమునే ఎవరైన హరికథగా కూర్చి చెప్పినచో, చిరుతలు పట్టుటకు ఈ ప్రాంతమున కళాకారులకు కొరత లేదు.