నగరములలో సైకిలు ప్రయాణము: నెదర్లాండ్స్ అనుభవము

నగరవాసులు పనికిని, పాఠశాలకును, అంగడికిని నిత్యము సైకిలుపై పోయివచ్చు పద్ధతి నేడు లోకమున మిక్కిలి వ్యాప్తిలోనున్న దేశము నెదర్లాండ్స్. అచట జనులకంటె సైకిళ్లే యెక్కువ. జరుగు ప్రయాణములలో నాలుగవ వంతునకు పైగా సైకిలుపైననే జరుగును. నేల సమతలమగుటయే ఇందుకు హేతువని పలువురు తలంతురు. కాని, అదే సమతలభూమిపై 1960 ప్రాంతము మొదలు ఇంచుమించు పదునైదేండ్లపాటు సైకిలు వాడుక శీఘ్రముగ క్షీణించిన సంగతిని గమనించినచో, భూమి స్వభావముకంటె ప్రజల పట్టుదలను, ప్రభుత్వముల విధానమును ప్రధాన కారణములుగ నెన్నవలసియున్నది.

1817లో జర్మనీలోని మన్‌హైమ్ నగరమున కార్ల్ డ్రైస్ నిర్మించిన, పాదములతో నేలను తన్నుచు నడపవలసిన కొయ్య వాహనము సైకిలునకు మూలరూపము. 1885లో ఇంగ్లండునందలి కోవెంట్రీలో జాన్ కెంప్ స్టార్లీ గొలుసుతో వెనుక చక్రము తిరుగునట్టి 'రోవర్' సైకిలును తయారుచేసెను. 1888లో డన్‌లప్ గాలి టైరును కల్పించెను. ఈ రెండింటి చేరికతో సైకిలు సంపన్నుల వినోదసాధనముగ నుండుట మాని శ్రామికుల వాహనమయ్యెను. రెండవ ప్రపంచయుద్ధమునకు ముందే డచ్చి నగరవీధులలో సైకిలుదే పైచేయి. ఆక్రమణకాలమున జర్మను సైన్యము తమ సైకిళ్లను లాగికొనుటను డచ్చివారు చిరకాలము మరువలేదు.

యుద్ధానంతరము ఆదాయము పెరిగినకొలది కార్లు పెరిగెను. కార్లు పెరిగినకొలది వీధులు చాలవయ్యెను. యూట్రెక్ట్ నగరమున ప్రాచీనమైన కోట కాలువలో కొంతభాగమును పూడ్చి దానిపై మోటారు మార్గమును వేసిరి. (ఆ పూడికను తొలగించి కాలువను మరల నీటితో నింపుట 2020 నాటికిగాని పూర్తికాలేదు.) సైకిలు త్రొక్కువారు రోడ్డు అంచునకు నెట్టబడిరి. ఫలితము ఘోరము. సుమారు 1 కోటి 30 లక్షల జనాభాగల ఆ చిన్నదేశమున 1971 ఒక్క సంవత్సరముననే 3,000కు పైబడి జనులు రోడ్డు ప్రమాదములలో మరణింపగా, వారిలో 400కు మించి పిల్లలే.

ఈ చరిత్రలో మిక్కిలి గౌరవింపదగిన ఘట్టము ఇచటనే ఆరంభమగుచున్నది. తన కుమార్తెను ఇట్టి ప్రమాదమున పోగొట్టుకొనిన విక్ లాంగెన్‌హోఫ్ అను పత్రికారచయిత 1972లో 'శిశుహత్యను ఆపుడు' అను శీర్షికతో ఒక వ్యాసము ప్రకటించెను. ఆ శీర్షికయే ఒక మహోద్యమమునకు నామధేయమయ్యెను. తల్లిదండ్రులు బిడ్డలతో వీధులకు వచ్చి, రోడ్లను మూసి, పిల్లలు ఆడుకొనుటకు చోటు కల్పించిరి. అంతలో 1973 నాటి చమురు సంక్షోభము వచ్చిపడెను. ఆ నవంబరు 4వ తేది మొదలు కొన్ని ఆదివారములు ప్రభుత్వము కార్లను నిషేధింపగా, నిశ్శబ్దములైన రాజమార్గములపై కుటుంబములు సైకిళ్లతో సంచరించి, నగరము మరియొక విధముగ నుండుటకు వీలున్నదని ప్రత్యక్షముగ కనుగొనిరి. 1975లో సైకిలు వాడుకరుల సంఘము ఏర్పడెను. 1976లో, నడచువారికి ప్రాధాన్యమొసగు నివాసవీధులకు చట్టపు గుర్తింపు లభించెను.

తదుపరి, హేగ్, టిల్‌బర్గ్ నగరములలో కేంద్రప్రభుత్వ ధనముతో చెరియొక ఆదర్శమార్గమును నిర్మించిరి. హేగ్‌లో దుకాణదారులు తీవ్రముగ ప్రతిఘటించిరి. ఆ మార్గములు సుఖముగనే యుండినను, ప్రక్కవీధులలో త్రొక్కుచుండినవారు వాటిపైకి మరలుటయే గాని, క్రొత్తగ సైకిలెక్కినవారు ఆశించినంతమంది లేకపోయిరి. ఎంత చక్కనిదైనను ఒంటరి బాట ఇల్లు విడిచిన మనుజుని గమ్యమునకు చేర్చజాలదు. మధ్యలో ఒక్క కూడలి భయంకరమైనను తల్లి తన బిడ్డను పంపదు. ఈ తత్త్వమును గ్రహించిన డెల్ఫ్ట్ నగరము 1980 దశకమున పేట బాటలను, వాడ బాటలను, నగరమంతటి బాటలను ఒకదానితోనొకటి కలిపి అవిచ్ఛిన్నమైన వలగ అల్లినది. సైకిలు రవాణా శాస్త్రమున దీనికంటె విలువైన ప్రయోగము మరియొకటి జరిగినట్లు తోచదు. ఎఱ్ఱని తారుబాటలు, కూడలి మూలలయందు కార్లను దూరముగ త్రిప్పు చిన్న దిబ్బలు, సొరంగములు, గంటకు 30 కిలోమీటర్ల వేగపరిమితిగల వీధులు నేడు ఆ దేశమంతటను సామాన్యములు. యూట్రెక్ట్ రైల్వేస్టేషను క్రింద 2019లో పూర్తియైన సైకిలు స్టాండున 12,500 సైకిళ్లకు చోటున్నది.

సమస్యలు మాత్రము తీరిపోలేదు. 2017లో తొలిసారిగ, కార్లలో మరణించినవారికంటె (201) సైకిళ్లపై మరణించినవారు (206) అధికమైరి; 2022లో ఈ రెండవ సంఖ్య 291కి పెరిగెను. మృతులలో వృద్ధులు అనేకులు. బ్యాటరీ సైకిళ్ల వేగము వారికి నూతనోత్సాహమును, నూతనాపాయమును ఏకకాలమున తెచ్చిపెట్టినది. ఇరుకు బాటలపై భిన్నవేగముల వాహనములు కలియుటచే రద్దీ పెరిగి, ఆంస్టర్‌డాం నగరము 2019లో చిన్న మోపెడ్లను అనేక సైకిలు బాటలనుండి తొలగించి రోడ్డుపైకి పంపినది.

ఇతర దేశముల మార్గములు వేరు. కొలంబియా రాజధాని బొగోటాలో 1974లో ఆరంభమైన ఆచారము ననుసరించి ఆదివారములందు నూరు కిలోమీటర్లకు పైగా వీధులను కార్లకు మూసి ప్రజలకు విడుతురు. ఒకప్పుడు సైకిళ్లకు ప్రసిద్ధిగాంచిన బీజింగ్, కార్ల వెల్లువలో ఆ వైభవమును చాలవరకు కోలుపోయినది. పారిస్ నగరము 2007లో అద్దె సైకిళ్ల పథకమును పెద్దయెత్తున ప్రారంభించి, 2020లో రివోలి వీధిలో అధికభాగమును సైకిళ్లకు ఒప్పగించినది.

తెలుగునాట, హైదరాబాదు బాహ్యవలయ రహదారి వెంట, సౌరఫలకముల పైకప్పుతో 23 కిలోమీటర్ల సైకిలు బాట 2023లో ప్రారంభమయ్యెను. ఎండదేశమున నీడయొసగి విద్యుత్తునుగూడ పుట్టించు ఆ యోచన ప్రశంసనీయమే. అయితే ఆ బాట నగరపుటంచున నున్నది. హేగ్, టిల్‌బర్గ్ మార్గములవలె అదియు ప్రస్తుతము ఒంటరిదే. వ్యాయామమునకై వచ్చువారికి అది మిగుల ఉపకరించుచున్నది గాని, నగరమధ్యమున పాలు, పత్రికలు వేయువారును, కూలిపనికి పోవువారును ఇప్పటికిని బస్సుల, లారీల నడుమనే సైకిలు త్రొక్కుచున్నారు.