బన్యన్‌కు బరో జవాబు

'యాత్రికుని ప్రయాణం' తెలుగు క్రైస్తవులు తరతరాలుగా చదువుకుంటున్న పుస్తకం. దాని రచయిత జాన్ బన్యన్ మొట్టమొదట అచ్చు వేయించింది మాత్రం ఒక వాదగ్రంథం. 1656లో వచ్చిన ఆ పుస్తకంలో ఆయన గురి, అప్పట్లో ఇంగ్లండ్‌లో కొత్తగా పుట్టుకొచ్చిన క్వేకర్లనే క్రైస్తవ శాఖ మీదే. ప్రతి మనిషిలోనూ క్రీస్తు వెలుగు ఉంటుందని, అదే 'లోపలి వెలుగు' అంటూ వీళ్లు సిలువ మీద రక్తమాంసాలతో చనిపోయిన క్రీస్తును పక్కకు నెట్టేస్తున్నారని, మనిషన్నవాడికి సహజంగా ఉండే మనస్సాక్షినే క్రీస్తు అంటున్నారని ఆయన అభియోగం.

అదే ఏడాది జవాబిచ్చినవాడు ఎడ్వర్డ్ బరో. వెస్ట్‌మోర్లండ్ రైతు కొడుకు, ఇరవై దాటి ఎంతో కాలం కాలేదు. క్వేకర్లలో కలిశాడని కన్నవాళ్లే ఇంట్లోంచి వెళ్లగొట్టారు. బన్యన్ ఏమీ కలిగినవాడు కాదు, గిన్నెలకు మాట్లు వేసి బతికినవాడు. ఇద్దరూ యూనివర్సిటీ గడప తొక్కలేదు. సిలువ మీద చనిపోయి లేచిన క్రీస్తును మేం కాదనలేదు, కానీ ఆ కథను నమ్మినంత మాత్రాన రక్షణ రాదు, ఆయన మన లోపల పనిచేయాలి: బరో వాదన సారం ఇదీ. ఆ ఊపులోనే, డబ్బుకు బోధించేవాళ్లలో బన్యన్‌నూ కలిపేశాడు. అది అన్యాయం. 1657లో బన్యన్ దాన్ని గట్టిగా ఖండించాడు. బరో మళ్లీ రాశాడు.

ఆ వేడి ఇంకా పెరగడానికి ఒక కారణం ఉంది. 1656 అక్టోబరులో క్వేకర్ బోధకుడు జేమ్స్ నేలర్ గుర్రమెక్కి బ్రిస్టల్ నగరంలోకి వస్తుంటే, అనుచరులు క్రీస్తు యెరూషలేము ప్రవేశాన్ని తలపించేలా స్తోత్రాలు పాడుతూ వెంట నడిచారు. పార్లమెంటు దాన్ని దైవదూషణ అంది. ఆయన నుదుట వాత పెట్టించింది, కాలిన ఇనుముతో నాలుకకు చిల్లు పొడిపించింది. ఆ తర్వాత ఏ క్వేకర్ నోరు విప్పినా నేలర్ సంగతే ఎదురయ్యేది.

1659లో క్వేకర్ ఉద్యమ స్థాపకుడు జార్జ్ ఫాక్స్ వేసిన లావుపాటి పుస్తకం వందకు పైగా విమర్శలకు బదులు. ప్రత్యర్థి మాట ఒకటి ఎత్తి రాయడం, కిందే జవాబు పెట్టడం, మొదటినుంచి చివరిదాకా అదే వరస. బన్యన్ కూడా అందులో ఉన్నాడు. సుదీర్ఘమైన ముందుమాట బరోది. ఓపిగ్గా చదవాల్సిన పుస్తకమే గానీ, ఒక్క నిందనూ వదలకూడదన్న ఆ పంతం చూస్తే నాకు గౌరవం కలుగుతుంది. ప్రసంగ వేదికలు, జీతాలు, చదువులు ఎదుటివాళ్లవి. క్వేకర్లకు దక్కింది అచ్చు ఒక్కటే.

సభలో ఆడవాళ్లు మాట్లాడకూడదన్న పౌలు మాట ఎత్తినవాళ్లకు క్వేకర్ మార్గరెట్ ఫెల్ 1666లో జైలు నుంచే బదులిచ్చింది. క్రీస్తు లేచాడన్న వార్త ముందు మోసుకెళ్లింది స్త్రీలే కదా అని అడిగింది.

బరో 1663లో లండన్ న్యూగేట్ జైల్లో చనిపోయాడు. బన్యన్ బెడ్‌ఫర్డ్ జైల్లో దాదాపు పన్నెండేళ్లు ఉన్నాడు. 1672లో క్వేకర్ల విడుదల కోసం వాళ్ల నాయకుడు జార్జ్ వైట్‌హెడ్ రాజు దగ్గర క్షమాపత్రం సంపాదించినప్పుడు అందులో ఇతర శాఖల ఖైదీల పేర్లూ చేర్చారు. వాటిలో బన్యన్ పేరుంది.

పండితులు తోసిపుచ్చలేని జవాబు 1676లో స్కాట్లండ్ క్వేకర్ రాబర్ట్ బార్క్లే నుంచి వచ్చింది. పారిస్ కేథలిక్ విద్యాలయంలో చదివిన మనిషి. పదిహేను ప్రతిపాదనలు, ఒక్కొక్కదానికీ ఆక్షేపణలు, సమాధానాలు. లేఖనాలు ఊటను గురించిన ప్రకటనే గానీ ఊట కాదని తేల్చి చెప్పాడు. ముందు లాటిన్‌లో వేయించి, రెండేళ్లకు ఇంగ్లీషులోకి తానే తెచ్చాడు. అంకితం రెండో చార్లెస్ రాజుకు. దేశం విడిచి తలదాచుకున్న రోజులు మీకు తెలుసు గదా, అణచివేత ఎలా ఉంటుందో మీకు వేరే చెప్పాలా అని అందులో నేరుగా రాశాడు.